ఫ్రీజర్లో రూపాయి బిళ్ళ

మా ఇంట్లో ఫ్రీజర్ తలుపు తీస్తే ఐసు ట్రే పక్కన ఒక స్టీలు గ్లాసు కనిపిస్తుంది. అందులో గడ్డకట్టిన నీళ్లు, ఆ గడ్డ మీద ఒక రూపాయి బిళ్ళ. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చూసి ఏదో మొక్కు అనుకుంటున్నారు. నూకాలమ్మ తల్లికి తీసిపెట్టిన ముడుపేమో అని మా పెద్దత్త అయితే కళ్లకద్దుకుంది కూడా. మొక్కు కాదు. దాన్ని అక్కడ పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మొన్న మే నెల నుంచి మొదలుపెట్టాలి.

మాది అనకాపల్లి. బొబ్బిలిలో చుట్టాల పెళ్లి ఉంటే ఒక శుక్రవారం సాయంత్రం అందరం ఇంటికి తాళం వేసి బయల్దేరాం. మధ్యాహ్నం వండిన అన్నం, రొయ్యల కూర మిగిలితే అమ్మ రెండిటినీ ఫ్రిజ్‌లో పెట్టింది. ఆదివారం రాత్రి తిరిగొచ్చాం. రెండు రోజుల పెళ్లి భోజనాలతో మా కడుపులన్నీ నిండుగా ఉన్నాయి. మా మామ్మకి మాత్రం బయటి తిండి పడదు. మామ్మకి 72 ఏళ్లు, 15 ఏళ్లుగా షుగరు, రెండు పూటలా ఇన్సులిన్. "ఇంట్లో కూడు ఇంత ఎట్టే గుంటా" అంది. అమ్మ బట్టలు సర్దుతోంది కాబట్టి నేనే ఫ్రిజ్ తీశాను. కూర చల్లగా ఉంది, అన్నం చల్లగా ఉంది. వాసన చూశాను, బాగానే ఉంది. ఎందుకైనా మంచిదని కూరని పొయ్యి మీద బుడగలొచ్చేదాకా మరిగించాను, అన్నాన్ని పొగలొచ్చేలా వేడి చేశాను. "రెండ్రోజులైంది కదా మామ్మా, పర్లేదా?" అని అడిగాను కూడా. "ఐసుపెట్టెలో ఎట్టినాక పాడవుద్దేటే?" అని నవ్వి, ఇన్సులిన్ పొడిపించుకుని తింది.

రెండు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. తిన్నదంతా బయటికి పోయింది, వేసిన ఇన్సులిన్ మాత్రం లోపలే ఉండిపోయింది. అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు, మాట తడబడింది. గ్లూకోమీటర్ 54 చూపించింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మామ్మ నన్ను గుర్తుపట్టలేదు. డ్యూటీ డాక్టరు గ్లూకోజ్ ఎక్కిస్తూ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తిన్నారు?" అన్నం, రొయ్యల కూర అన్నాను. "ఎప్పటిది?" ఫ్రిజ్‌లోది సర్ అన్నాను. ఆయన నా వైపు తిరిగి మళ్లీ అదే అడిగారు: "ఫ్రిజ్‌లోదే అమ్మా, ఎప్పటిది?"

రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండి మామ్మ ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఎదురింటి అత్తయ్యగారు పలకరించడానికి వచ్చి మాటల్లో మాటగా చెప్పారు: "మీరు పెళ్లికెళ్లిన రాత్రే కదా ట్రాన్స్‌ఫార్మర్ పోయింది? శనివారం మధ్యాహ్నం దాకా వీధంతా చీకటే." అప్పుడు వెళ్లి ఫ్రీజర్ తీసి చూశాను. రొయ్యల పాకెట్టు కింద ఎర్రటి నీళ్లు కారి, మళ్లీ గడ్డకట్టి ట్రేకి అంటుకుపోయి ఉన్నాయి. ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ ఒక పక్కకి ఒరిగిపోయి గట్టిపడింది. సాక్ష్యాలన్నీ అక్కడే ఉన్నాయి, నేనే చూడలేదు. కరెంటు పోయి, అంతా వేడెక్కి, మళ్లీ కరెంటొచ్చి, మేం వచ్చేసరికి అంతా మళ్లీ చల్లబడింది. ఫ్రిజ్ ఏమీ జరగనట్టు అక్కడ నిలబడి ఉంది. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ 14 గంటలు డౌన్ అయి మళ్లీ లేచింది, లాగ్ ఫైల్ మాత్రం లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ సంచికకి కవితో కథో ఇమ్మని క్లబ్బులో అడిగారు. నాకు కవిత్వం రాదు. పదో తరగతి దాకా తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్, ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి, ఒత్తులు తప్పితే సర్దుకోండి. కానీ మామ్మ అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, "ఐసుపెట్టెలో ఎట్టినాక పాడవుద్దేటే?" అని, దానికి జవాబు కోసం ఆ సెలవులన్నీ పెట్టాను. ఆ జవాబే ఇది.

ఫ్రిజ్ దేన్నీ చంపదు. అసలు సంగతి ఇదే, మిగతాదంతా దీని వెనకే వస్తుంది. ఆహారంలో ఉండే బాక్టీరియాకి చల్లదనం అంటే చావు కాదు, బద్ధకం. అనుకూలమైన వేడిలో కొన్ని రకాల బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఒకటి రెండు, రెండు నాలుగు. గంటకి మూడు రెట్టింపులు, ఏడు గంటలకి 21. రెండు పవర్ 21 ఎంతో మన వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మెకానికల్ మిత్రుల కోసం: 20,97,152. ఒక్క దాని నుంచి ఇరవై లక్షల పైన. నిజంగా ఒక గిన్నెలో ఇంత నిక్కచ్చిగా జరగదు, తిండి, తేమ, పులుపు అన్నీ అడ్డం వస్తాయి. కానీ వక్రరేఖ ఆకారం అదే. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ప్రాంతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైనదిగా చెబుతుంది. వండిన పదార్థాన్ని రెండు గంటలకి మించి గది వేడిలో ఉంచొద్దని దాని సలహా. అమెరికా వ్యవసాయ శాఖ ఇంకో అడుగు ముందుకేసి, 32 డిగ్రీలు దాటితే ఆ రెండు గంటలు కూడా ఒక్క గంటే అంటుంది. మే నెలలో అనకాపల్లి వంటింట్లో 32 ఎప్పుడుంటుంది? తెల్లవారుజామున ఉంటుందేమో.

అయిదు డిగ్రీల కిందకి వెళ్తే ఈ రెట్టింపు గంటల్లోకి, రోజుల్లోకి సాగుతుంది. ఆగదు. లిస్టీరియా అనే రకం అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. ఫ్రీజర్లో, అంటే మైనస్ 18 దగ్గర, పెరుగుదల పూర్తిగా ఆగుతుంది. అక్కడ కూడా చాలావరకు చావవు. అది పాజ్ బటన్, డిలీట్ కాదు. బయటికి తీసి కరిగించగానే ఎక్కడ ఆపాయో అక్కడి నుంచి మొదలుపెడతాయి.

మరి నేను అంతలా మరిగించాను కదా, అవి చచ్చిపోవాలిగా? చచ్చే ఉంటాయి. కానీ కొన్ని బాక్టీరియా పెరుగుతున్నప్పుడే విషాన్ని విడుదల చేస్తాయి. అవి చచ్చినా విషం అక్కడే ఉంటుంది. అన్నంలో ఉండే ఒక రకం పేరు బాసిల్లస్ సీరియస్. నేను జోకులెయ్యడం లేదు, పేరే అది. దాని స్పోర్లు గింజల్లాంటివి, అన్నం ఉడికినా చావవు. ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి, పెరిగి, విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషాన్ని మళ్లీ వేడిచేయడం ఏమీ చేయలేదు, ప్రెషర్ కుక్కర్ వేడి కూడా. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. మామ్మకి రెండు గంటలు పట్టింది. దోషి అన్నమా, రొయ్యలా అని ఎవరూ పరీక్ష చేయలేదు, కానీ నా అనుమానం అన్నం మీదే. మనందరం కూరని అనుమానిస్తాం, అన్నాన్ని ఎవరూ అనుమానించరు.

వాసన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. వాసన చూశాకే కదా పెట్టాను అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆహారాన్ని కంపు కొట్టించే బాక్టీరియా వేరు, మనిషిని జబ్బు పెట్టేవి వేరు. రెండో రకం చాలాసార్లు రంగు, రుచి, వాసన ఏదీ మార్చవు. మా అమ్మ ముక్కు వీధిలోనే ఫేమస్, పాలు విరగబోతున్నాయని ముందురోజే చెప్తుంది. ఆ ముక్కు పాలకి పనిచేస్తుంది. ఈ రకం విషానికి ఏ ముక్కూ పనిచేయదు.

ఇదంతా చదివాక మా ఫ్రిజ్ నిజంగా ఎంత చల్లగా ఉందో తెలుసుకోవాలనిపించింది. మాది సింగిల్ డోర్, నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలు. అమ్మ దాన్ని 2 మీద పెడుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుందని. నాన్న కూడా 2 మీదే ఉండాలంటాడు, ఏసీలో లాగా అంకె తగ్గితే చల్లదనం పెరుగుతుందని ఆయన లెక్క. ఇద్దరూ ఇన్నేళ్లు ఒకే అంకె మీద, పూర్తిగా వ్యతిరేకమైన కారణాలతో, ఏ గొడవా లేకుండా కాపురం చేశారు. ఆ అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది.

మినీ ప్రాజెక్టులో మిగిలిన డీఎస్18బీ20 సెన్సార్లు నాలుగు ఉన్నాయి నా దగ్గర, నీళ్లలో ముంచినా పాడవని రకం. సన్నటి వైర్లు తలుపు రబ్బరు సందులోంచి లోపలికి పంపి, ఈఎస్‌పీ32 బోర్డుని ఫ్రిజ్ పక్కన టేపుతో అంటించాను. ఒక వారం నిమిషానికో రీడింగ్. 2 మీద ఉన్నప్పుడు మధ్యాహ్నం పూట మధ్య అరలో 8, 9 డిగ్రీలు. తలుపులో 12. మేం పాలు పెట్టేది తలుపులో! ఫ్రీజర్ కింద ఉండే ట్రేలో మాత్రం సున్నా దగ్గర. అంటే ఒకే ఫ్రిజ్‌లో విజయనగరం, అరకు, సిమ్లా మూడూ ఉన్నాయి. నాబ్ 5 కి తిప్పితే మధ్య అర 4 కి దిగింది, కావలసింది అదే. తలుపు 8 దగ్గర ఆగింది. పాల పాకెట్లు లోపలికి మారాయి, తలుపులోకి సాస్ సీసాలు, మంచినీళ్ల బాటిళ్లు వెళ్లాయి. గుడ్లు కూడా లోపలికే. గుడ్ల కోసం గుంతలు తలుపులో ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో భయంకరమైన విషయం అప్పుడే బయటపడింది. మామ్మ ఇన్సులిన్ ఎక్కడుంటుందో తెలుసా? ఫ్రీజర్ కింది ట్రేలో, "బాగా చల్లగా ఉండాలి" అని. నాబ్ 5 కి తిప్పాక ఆ ట్రే మైనస్ 2 కి పోయింది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. నేను కూరలు కాపాడబోయి మందు పాడుచేసేదాన్ని. ఇప్పుడది మధ్య అరలో, గోడకి తగలకుండా, ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అది ఎక్కడుందో ఫోన్ చేసి అడగండి.

సెన్సార్ చేతిలో ఉంటే ఆగుతామా, ఒకటి అన్నం గిన్నెలో గుచ్చాను. "వేడివి ఫ్రిజ్‌లో పెట్టకూడదు" అని ప్రతి ఇంట్లోనూ ఒక శాసనం ఉంటుంది. కారణం లేకపోలేదు, మరుగుతున్న సాంబారు గిన్నె పెడితే పక్కనున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి. కానీ ఆ శాసనం వల్ల ఏం జరుగుతుందంటే, మధ్యాహ్నం ఒంటిగంటకి దించిన అన్నం గట్టు మీద మూత పెట్టి సాయంత్రం దాకా "చల్లారుతూ" ఉంటుంది. మూడు గంటల తర్వాత కూడా మా గిన్నె మధ్యలో 45 డిగ్రీలు ఉంది. పైన చెయ్యి పెడితే చల్లగానే అనిపించింది. సీరియస్ గారికి అదే కల్యాణ మంటపం. మరుసటి రోజు అంతే అన్నాన్ని రెండు పళ్లాల్లో పల్చగా పరిచి ఫ్యాను కింద పెడితే అరగంట లోపే గది వేడికి వచ్చింది. ఫిజిక్స్‌లో దీనికి లెక్కుంది: లోపలి వేడి బయటికి రావడానికి పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మందం సగం చేస్తే సమయం దాదాపు నాలుగో వంతు. కూరలు, పప్పు అయితే గిన్నెని చన్నీళ్ల బేసిన్లో పెట్టి మధ్యమధ్యలో కలిపితే చాలు. గోరువెచ్చగా అయ్యాక వెడల్పాటి చిన్న డబ్బాల్లోకి మార్చి లోపల పెట్టేయాలి, పూర్తిగా చల్లారే దాకా ఆగక్కర్లేదు. మొత్తం మీద వండిన రెండు గంటల్లోపు, ఎండాకాలం గంటలోపు. అలా పెట్టిన కూర 4 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు రోజులు ఉంటుంది. అన్నం మర్నాటికి తినేయాలి. తినేటప్పుడు తినేంతే తీసి పొగలొచ్చేలా వేడిచేయాలి, మొత్తం గిన్నెని రోజూ వేడిచేసి రోజూ లోపల పెట్టే అలవాటు మానాలి.

మామ్మ దీనికి ఒప్పుకోలేదు. "మా కాలంలో సద్దన్నం తిని బతకలేదేటి?" అంది. మంచి ప్రశ్నే. రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచితే అందులో పాలని పెరుగు చేసే లాంటి బాక్టీరియా పెరిగి పులుపెక్కిస్తాయి. ఆ పులుపులో చెడ్డవాటికి పెరగడం కష్టం. పైగా రాత్రి వండి పొద్దున్నే తినేసేవారు, శుక్రవారం వండి ఆదివారం కాదు. ఊరగాయలో ఉప్పూ నూనే, ఎండుచేపలో ఎండ, పులిహోరలో చింతపండు, అన్నీ ఇలాంటి తెలివే. మా అనకాపల్లి బెల్లం సంగతే చూడండి. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్ మాది, దిమ్మలు దిమ్మలుగా బయటే ఉంటాయి, ఫ్రిజ్ లేదు. బెల్లంలో నీళ్లు తక్కువ, ఉన్న కాస్త నీటినీ చక్కెర పట్టుకుని ఉంటుంది, బాక్టీరియాకి తాగడానికి చుక్క మిగలదు. వానాకాలం గాలిలో తేమ పీల్చుకుని కారిపోవడమే దాని బాధ. కాబట్టి పెద్దవాళ్లకి తెలియదని కాదు. తెల్లటి ఉత్తన్నం, ఉప్పూ పులుపూ లేకుండా, రెండు రోజులు దాచడం అనేది వాళ్ల కాలంలో లేనే లేదు. అది ఫ్రిజ్ వచ్చాక మనం నేర్చుకున్న ధైర్యం.

సర్దడం గురించి ఎక్కువ చెప్పను. పచ్చి చేప, చికెన్ ఎప్పుడూ అన్నిటికన్నా కింద, మూత ఉన్న డబ్బాలో. పైన పెడితే ఆ నీరు కొత్తిమీర మీద కారుతుంది, కొత్తిమీరని మనం ఉడికించం. అరటిపళ్లు, టమాటాలు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు బయటే హాయిగా ఉంటాయి. చలికి అరటి తొక్క నల్లబడుతుంది, టమాటా రుచి పోతుంది, దుంపలో పిండి తీపెక్కుతుంది. లోపల గాలి తిరగడానికి చోటు వదలాలి, వెనక గోడకీ ఫ్రిజ్‌కీ మధ్య కూడా. అసలు సమస్య అది కాదు. మన ఇళ్లలో ఫ్రిజ్ ఒక స్టాక్. కొత్తగా పెట్టింది ముందుంటుంది, ముందున్నదే ముందు తీస్తాం, అడుగున ఏముందో దేవుడికే తెలుసు. ఫ్రిజ్ క్యూ లాగా ఉండాలి, ముందొచ్చింది ముందు వెళ్లాలి. మా ఇంట్లో గులాబ్ జామ్ డబ్బాలో దోసెల పిండి, ఐస్‌క్రీమ్ డబ్బాలో కరివేపాకు ఉంటాయి, మీ ఇంట్లోనూ అంతేనని నాకు తెలుసు. డబ్బా మార్చమని అమ్మని అడిగే ధైర్యం నాకు లేదు. కాగితపు టేపు ముక్క అంటించి తారీకు రాస్తున్నాను, అంతే. డాక్టరు గారి ప్రశ్నకి జవాబు డబ్బా మీదే ఉండాలి.

ఇక ఫ్రీజర్. మాకు పూడిమడక వైపు నుంచి చేపలు, రొయ్యలు వస్తాయి. చవగ్గా దొరికిన రోజు నాన్న రెండు కేజీలు తెచ్చేస్తాడు, అమ్మ నల్ల కవర్లో ముద్దగా కట్టి ఫ్రీజర్లో పడేస్తుంది. నెల తర్వాత వండితే రబ్బరులా ఉంటాయి. ఎందుకో ఇప్పుడు తెలిసింది. నీరు గడ్డకట్టేటప్పుడు మెల్లగా గడ్డకడితే ఐసు స్ఫటికాలు పెద్దవిగా, సూదుల్లా పెరిగి కండలోని కణాలని చీల్చేస్తాయి. కరిగించగానే ఆ చిరుగుల్లోంచి రసమంతా కారిపోతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నగా ఉండి కణాలు నిలుస్తాయి. అమెరికాకి చెందిన క్లారెన్స్ బర్డ్‌సై దీన్ని లాబ్రడార్‌లో ఇన్యూట్ జాలర్ల దగ్గర చూశాడు. ఆ చలిగాలిలో పట్టిన చేప పట్టినట్టే గడ్డకట్టేది, నెలల తర్వాత వండినా తాజాగా ఉండేది. దాన్నే యంత్రంగా మార్చాడు. 1930 లో అతని పద్ధతిలో గడ్డకట్టించిన ఆహారం మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అమ్మకానికి వచ్చింది. మన విశాఖ చుట్టుపక్కల ఎగుమతి ఫ్యాక్టరీల్లో రొయ్యల్ని విడివిడిగా, నిమిషాల్లో గడ్డకట్టించేది ఇదే సూత్రంతో.

ఇంట్లో ఆ యంత్రం లేదు, కానీ మందం సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. రెండు కేజీల ముద్ద బదులు ఒక పూటకి సరిపడా చిన్న పాకెట్లు చేసి, పుస్తకంలా పల్చగా నొక్కి, గాలి తీసేసి, పక్కపక్కన పరిచి పెట్టాలి. గట్టిపడ్డాక ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు. గాలి ఎందుకు తీయాలంటే, ఫ్రీజర్లో ఐసు కరగకుండానే ఆవిరవుతుంది. గాలి తగిలిన చోట మాంసం ఎండి తెల్లటి మచ్చలు పడతాయి. అది విషమేం కాదు, రుచి చచ్చిపోతుంది. పచ్చి బఠాణీని మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, చన్నీళ్లలో వేసి, ఆరబెట్టి పెట్టాలి. లేకపోతే లోపలి ఎంజైములు ఫ్రీజర్లో కూడా పనిచేసి రంగూ రుచీ పాడుచేస్తాయి. కొబ్బరి కోరు, అల్లంవెల్లుల్లి ముద్ద బాగుంటాయి. పెరుగు విరిగినట్టు అవుతుంది, కూరలో బంగాళాదుంప స్పాంజిలా మారుతుంది. గాజు సీసా నిండా నీళ్లు పోసి పెట్టకండి, నీరు గడ్డకడితే 9 శాతం దాకా పెరుగుతుంది. ఈ పాఠం మా ఇంట్లో ఒక జ్యూస్ సీసాతో నేర్చుకున్నాం.

ఎన్నాళ్లు ఉంచొచ్చు? అది మీ ఫ్రీజర్ ఎంత చల్లనిదో దాన్ని బట్టి. ఫ్రిజ్ మీద అతికించిన పెద్ద స్టార్లు చూసి మోసపోకండి, అవి కరెంటు పొదుపు స్టార్లు. ఫ్రీజర్ చల్లదనానికి వేరే గుర్తులున్నాయి, కొన్నిటికి ఫ్రీజర్ తలుపు మీదే ఉంటాయి: ఒక నక్షత్రం మైనస్ 6, రెండు మైనస్ 12, మూడు మైనస్ 18. పాత లెక్క ప్రకారం మొదటి దాన్లో వారం, రెండో దాన్లో నెల, మూడో దాన్లో మూడు నెలలు. మా సెన్సార్ ఫ్రీజర్లో మైనస్ 11 చూపించింది. అమ్మ సంక్రాంతి నుంచి దాచిన రొయ్యల సంగతి ఇక మీరే ఊహించుకోండి. కరిగించేటప్పుడు గట్టు మీద పెట్టొద్దు, లోపల ఇంకా రాయిలా ఉండగానే పైభాగం గంటల తరబడి వేడిలో ఉంటుంది. రాత్రే కింది అరలోకి దించాలి. తొందరైతే కవర్ గట్టిగా మూసి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి.

కరెంటు పోవడం దగ్గరికి మళ్లీ వస్తాను. 2014 అక్టోబర్ 12 న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా వీధికి కరెంటు రావడానికి వారం పైన పట్టింది. ఆ రోజు అమ్మ చేసిన పని నాకు ఇంకా గుర్తుంది. గాలి తగ్గగానే ఫ్రిజ్‌లో ఉన్నదంతా తీసి, ఒకేసారి వండి, పక్కింటి వాళ్లకి కూడా పెట్టేసింది. తర్వాత ఫ్రిజ్ బీరువా అయిపోయింది, అందులో కొవ్వొత్తులు పెట్టుకున్నాం. మామ్మ ఇన్సులిన్ సీసాల్ని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచింది నాన్న. కుండ చెమర్చి నీరు ఆవిరవుతూ ఆ వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్ చేసేదీ అదే. లోపలి గొట్టాల్లో ద్రవం ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, కంప్రెసర్ ఆ ఆవిరిని పట్టి నొక్కి, వేడిని వెనకవైపు వదిలించి, మళ్లీ ద్రవం చేసి వాడుకుంటుంది. కుండకి కంప్రెసర్ లేదు కాబట్టి మనం నీళ్లు పోస్తూ ఉండాలి. మన సముద్రపు ఉక్కలో కుండ పెద్దగా చల్లబడదు, కానీ ఎండ దెబ్బ తగలకుండా కాపాడింది.

అంటే తుపాను నాడు మా ఇంట్లో అందరం సరిగ్గానే చేశాం. కరెంటు లేదని కళ్లకి కనిపిస్తోంది కాబట్టి. మామ్మని ఆసుపత్రి పాలు చేసింది మేం చూడని కరెంటు కోత.

అందుకే రూపాయి బిళ్ళ. గ్లాసులో నీళ్లు పోసి గడ్డకట్టించి, పైన బిళ్ళ పెట్టి ఊరెళ్తాం. తిరిగొచ్చాక బిళ్ళ పైనే ఉంటే ఐసు కరగలేదు. మధ్యలో ఉంటే సగం కరిగి మళ్లీ గట్టిపడింది. అడుగున ఉంటే ఫ్రీజరూ ఫ్రిజ్జూ రెండూ ఖాళీ చేయాల్సిందే, ఎంత చల్లగా ఉన్నా, ఎంత ఖరీదైనా. ఇది నేను కనిపెట్టింది కాదు, తుపాన్లు ఎక్కువగా వచ్చే దేశాల్లో చాలామంది చేసేదే. రూపాయికి వచ్చే లాగ్ ఫైల్.

దీనికి లోపం కూడా ఉంది, దాచను. బిళ్ళ పైనే ఉందంటే ఫ్రీజర్ బాగుందని మాత్రమే అర్థం, కింది అరలు బాగున్నాయని కాదు. తలుపు తీయకపోతే ఫ్రిజ్ భాగం నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండితే 24 గంటలు. మన సింగిల్ డోర్‌లో ఉండే చిన్న పెట్టెకి అంత ఓపిక ఉండదు. కాబట్టి ఏడెనిమిది గంటల కోతలో బిళ్ళ మునగకపోవచ్చు, కింద అన్నం మాత్రం పాడైపోవచ్చు. ఊరెళ్లే ముందు వండినవి లోపల వదలకూడదని మా ఇంట్లో ఇప్పుడు రూలు. సెన్సార్‌కి ఒక చిన్న బ్యాటరీ కలిపి, 8 డిగ్రీలు అరగంట దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా ప్రోగ్రామ్ రాస్తున్నాను. కరెంటు పోతే వైఫై కూడా పోతుందన్న సంగతి మొత్తం రాశాక గుర్తొచ్చింది. ఎవరికైనా సిమ్ మాడ్యూల్‌తో అనుభవం ఉంటే హాస్టల్లో కలవండి.

పోయిన ఆదివారం మామ్మ ఫోన్ చేసింది. అమ్మావాళ్లు గుడికెళ్లారట, ఒక్కతే ఉంది. "ఒసే గుంటా, నీ రూపాయి పైనే ఉందిలే. వంకాయ కూరుంది, తిననా?"

"ఎప్పటిది మామ్మా?" అని అడిగాను.

కాసేపు మాట లేదు. డబ్బా అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు, తర్వాత కళ్లజోడు కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించాయి.